భోజనం తర్వాతి మాత్ర

నా ఉద్యోగం కారు నడపడం నేర్పించడం. స్టీరింగు ముందు కూర్చున్నది వకీలైనా, బ్యాంకు మేనేజరైనా, నాకంటే పాతికేళ్ళు పెద్దవాళ్ళైనా, తప్పు చేస్తే మొహం మీదే చెప్పేస్తాను. నేర్పే కారులో నా కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. దాన్ని నేను కాస్త ధారాళంగా వాడతాను కాబట్టి డ్రైవింగ్ స్కూల్లో నాకు బ్రేకమ్మ అని పేరు. ఎదురుగా అంటే మాత్రం ఎవరికీ ధైర్యం లేదు.

ఇంత నోరున్నదాన్ని, ఇంట్లో భోజనాల దగ్గర కూర్చోగానే నోట్లో నాలుక లేనిదాన్నైపోతాను. దానికి కారణం మా అత్తయ్య కాదు. మా అత్తయ్య బంగారం. కారణం ఆవిడ వంట.

అత్తయ్య ఇనుము కరిగించే కార్ఖానాలో క్యాంటీన్ వంట చూసుకునేది. కొలిమి ముందు చెమటలు కక్కుతూ పనిచేసేవాళ్ళకి చప్పటి తిండి పెడితే ఊరుకుంటారా? కారం గుప్పెళ్ళతో, నూనె చెంబులతో పోసి వండి, షిఫ్టు షిఫ్టంతటినీ మెప్పించింది. రిటైరయ్యాక ఇంట్లో నలుగురికే వండుతోంది గానీ, ఆ సంగతి ఆవిడ చేతికి ఇంకా తెలియలేదు.

పెళ్ళై ఆ ఇంట్లో అడుగుపెట్టిన రోజు మధ్యాహ్నం మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. కళ్ళలోంచీ నీళ్ళే, ముక్కులోంచీ నీళ్ళే.

"అమ్మ గుర్తొచ్చిందా తల్లీ?" అని అత్తయ్య నా తల నిమిరి, ఓదార్పుగా ఇంకో గరిటె వేసింది.

ఎదురుగా కూర్చున్న మామయ్య నింపాదిగా నమిలి, "బాగుంది. ఇంకొంచెం కారం పడితే ఇంకా బాగుండేది" అన్నారు. ఈయన మనిషా, పొయ్యా అనుకున్నాను.

గదిలోకి వెళ్ళగానే మా ఆయన తలుపు దగ్గరగా వేసి, బీరువాలోంచి ఒక కళ్ళజోడు పెట్టె తీసి నా చేతిలో పెట్టాడు. ఆయనకి కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. కొత్త పెళ్ళాన్ని కదా, పెట్టె వేరే దొరక్క ఇందులో ఏ నగో పెట్టి ఇస్తున్నాడని మురిసిపోయాను. తెరిస్తే మాత్రలు.

"తిన్నాక ఒకటి వేసుకో. నాన్నా నేనూ ఎప్పటినుంచో వేసుకుంటున్నాం. మంట, ఉబ్బరం, వికారం, అన్నీ చిటికెలో పోతాయి. అమ్మకి మాత్రం తెలియనివ్వకు. ఆ క్యాంటీన్ వదిలి వచ్చినప్పుడు వారం రోజులు ఏడ్చింది. ఇప్పుడు మనం కూడా నీ వంట తినలేమంటే తట్టుకోలేదు."

నా మొగుడు నాకిచ్చిన మొదటి కానుక అది. ఆ రోజునుంచి ఇంట్లో మా ముగ్గురి దగ్గరా మూడు కళ్ళజోడు పెట్టెలు. కళ్ళజోడు మాత్రం ఒక్కరికీ లేదు. పూటకొకటి గుటుక్కున మింగడం, ఎవరి పనికి వాళ్ళు వెళ్ళడం. మందుల షాపువాడు మమ్మల్ని చూడగానే అడగకుండానే తీసి ఇచ్చేవాడు. మేం దాన్ని మందు అనుకోవడం ఎప్పుడో మానేశాం. భోజనంలో అది చివరి ముద్ద, అంతే.

ఇక అసలు విషయం. నాకు పిల్లలు కావాలి. ఎంత కావాలంటే, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు పక్క కారు అద్దానికి ముక్కు ఆనించి చూసే పిల్లని చూస్తూ, పచ్చ లైటు పడిందని నా విద్యార్థే నాకు చెప్పేంత. కానీ నాకు నెలసరి ముందు ఆలస్యమైంది, తర్వాత దారి తప్పింది, చివరికి రావడమే మానేసింది. మొదటిసారి రానప్పుడు ఇంట్లో అందరి మొహాలూ వెలిగిపోయాయి. పరీక్ష చేయిస్తే కడుపు లేదన్నారు. ఆ తర్వాత వచ్చినా ఏడుపే, రాకపోయినా ఏడుపే.

డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. మనిషి పొట్టి, మాట గట్టి. నాకు చూడగానే నచ్చింది.

"అండం విడుదల కావడం లేదమ్మా. అది కానప్పుడు నెలసరీ సరిగ్గా రాదు, కడుపూ రాదు" అంది. "ఎందుకు కావడం లేదో ముందు తెలుసుకోవాలి. చాలామందికి పీసీఓఎస్ ఉంటుంది. అండాలు సగం ఎదిగి ఆగిపోతుంటాయి. కొందరికి థైరాయిడ్ తేడా చేస్తుంది. సన్నబడాలని తిండి మానేసి పరుగులు తీసేవాళ్ళకి ఒళ్ళు బెదిరిపోయి ఈ పని పక్కన పెట్టేస్తుంది. అరుదుగా అండాలు వయసుకి ముందే అయిపోతాయి. కారణాన్ని బట్టి వైద్యం. కొందరికి కాస్త బరువు తగ్గితే చాలు, కొందరికి అండం ఎదగడానికి మాత్రలివ్వాలి, కొందరికి ఇంజక్షన్లు. అంతేగానీ పక్కింటావిడకి పనిచేసిందని ఆవిడ మందు తెచ్చుకుని మింగకూడదు. సరే, ఇప్పుడు మీరేమైనా మందులు వాడుతున్నారా?"

"లేదండీ" అన్నాం మా ఆయనా నేనూ ఒక్క గొంతుతో. అబద్ధం చెప్పాలని కాదు. ఒట్టు, నిజంగానే గుర్తు రాలేదు.

రక్తపరీక్షలో థైరాయిడ్ బాగుంది, మిగతావీ బాగున్నాయి, ఒక్క ప్రొలాక్టిన్ మాత్రం పైకెక్కి కూర్చుంది. అది పాలిచ్చే తల్లులకి పెరగాల్సిన హార్మోనట. అది ఎక్కువగా ఉంటే ఒళ్ళు, ఇప్పటికే ఒక బిడ్డ ఉంది కదా, ఇంకోటి ఇప్పుడే ఎందుకని అండాన్ని ఆపేస్తుందట. లేని బిడ్డని నా ఒళ్ళు సాకుతోందన్నమాట. అది విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. మెట్లు దిగుతుంటే ఏడుపొచ్చింది.

"కొన్నాళ్ళాగి మళ్ళీ చేద్దాం. అప్పుడూ ఎక్కువే ఉంటే తలకి స్కాను తీయాలి. మెదడు కింద పిట్యూటరీ అని చిన్న గ్రంథి ఉంటుంది. అందులో చిన్న గడ్డేమైనా ఉందేమో చూడాలి. ఉన్నా మాత్రలతో తగ్గేదే ఎక్కువ, భయపడకండి" అంది.

భయపడకండి అన్నాక భయపడకుండా ఉండేవాళ్ళని నేను చూడలేదు. కబురు ఇంటికి చేరేలోగా గడ్డ నిమ్మకాయంతైంది. మా ఆయన మేనత్త ఫోను చేసి, "అంతా ఆ కారు కుదుపుల వల్లే. ఆడపిల్లకి ఆ ఉద్యోగం ఎందుకంటే విన్నారా?" అని తీర్పు చెప్పింది. "మరి బస్సులో వెళ్ళే ఆడవాళ్ళంతా గొడ్రాళ్ళా?" అని నేనడిగితే ఫోను పెట్టేసింది.

అత్తయ్య మాత్రం ఎవరినీ ఏమీ అనలేదు. కొంగు బిగించింది. "పిల్లకి బలం లేదు, అందుకే" అని నాకోసం విడిగా కూర వండడం మొదలెట్టింది. బలానికి నూనె, రక్తం పట్టడానికి కారం, ఆకలికి మసాలా. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం నేను పనినుంచి వచ్చేసరికి ఇంకోటి. ఆవిడ ప్రేమ అంతా నా కంచంలోనే ఉండేది. నేనేమో ఒకటి వేసుకునే మాత్రల్ని రెండు చేశాను.

రెండోసారి పరీక్షలో ప్రొలాక్టిన్ ఇంకా పెరిగింది. డాక్టరమ్మ కనుబొమలు ముడేసి స్కాను రాసింది.

స్కాను రోజున అత్తయ్య మాతో బయల్దేరింది. చేతిలో మూడంతస్తుల డబ్బా. ముందు డాక్టరమ్మని కలిసి, ఆ తర్వాత స్కానుకి వెళ్ళాలి. వరసలో కూర్చోబెట్టి మా ఇద్దరికీ అక్కడే తినిపించింది. ఆ ఘాటుకి పక్కన కూర్చున్న గర్భిణి ఒకావిడ లేచి వెళ్ళి కిటికీ తెరిచింది. అత్తయ్యని బయట కూర్చోబెట్టి మేం లోపలికి వెళ్ళాం.

డాక్టరమ్మ కాగితాలు చూస్తోంది. నా ఛాతీలో కొలిమి అంటుకుంది. అలవాటు కొద్దీ సంచిలోంచి కళ్ళజోడు పెట్టె తీసి, ఒక మాత్ర నోట్లో వేసుకున్నాను. మా ఆయన చెయ్యి చాపాడు. ఆయన చేతిలో ఒకటి వేశాను. డాక్టరమ్మ తలెత్తింది.

"ఏమిటది?"

"ఏం లేదండీ. గ్యాస్ మాత్ర."

"ఇలా ఇవ్వండి." మాత్రల అట్ట వెనక్కి తిప్పి, కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చదివింది. "ఎన్నాళ్ళుగా వేసుకుంటున్నారు?"

"పెళ్ళైనప్పటినుంచీ."

"రోజుకి?"

"పూటకొకటి. ఈ మధ్య రెండు."

"మందులేమీ వాడట్లేదన్నారు!"

"ఇది మందా అండీ?" అన్నాడు మా ఆయన. ఆ అమాయకత్వం చూసి ఇంకొకళ్ళైతే జాలిపడేవాళ్ళు. డాక్టరమ్మ అట్ట బల్ల మీద పడేసి, రెండు చేతులతో తల పట్టుకుంది.

అప్పుడు చెప్పింది. ఆ మాత్రలో రెండు మందులున్నాయట. ఒకటి కడుపులో ఆమ్లం తగ్గించేది. రెండోది వికారం ఆపి, తిన్నది ముందుకు తోసేది. ఆ రెండోది ఊరికే పోదు, పిట్యూటరీ గ్రంథిని రెచ్చగొట్టి ప్రొలాక్టిన్ పెంచుతుంది. అది పెరిగితే అండం ఆగిపోతుంది. నాలుగు రోజులు అవసరానికి వాడాల్సినదాన్ని నేను ఏళ్ళ తరబడి అన్నంతోపాటు తిన్నాను.

"స్కాను ఆగనివ్వండి. ముందు ఇది మానేయండి. మానేశాక కొన్నాళ్ళకి మళ్ళీ రక్తం చూద్దాం. అప్పటికీ తగ్గకపోతే వేరే సంగతి. చాలావరకు తగ్గుతుంది. మీకిప్పుడు నేను ఇచ్చే మందేమీ లేదు, ఉన్న మందు మానడమే వైద్యం. ఇంట్లో ఇంకెవరైనా వేసుకుంటారా?"

"మా నాన్నగారు" అన్నాడు మా ఆయన.

"ఆ వయసులో గుండెకి కూడా మంచిది కాదు. ఆయన్ని కూడా ఆపి, ఒకసారి చూపించుకోమనండి. అసలు ఇంటిల్లిపాదికీ అంత మంట ఎందుకు? ఏం తింటారు మీరు?"

మేమిద్దరం తలుపు వైపు చూశాం. తలుపు అవతల అత్తయ్య ఖాళీ డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చునుంది.

బయటికి రాగానే "ఏమన్నారు?" అని లేచి నిలబడింది. మొహంలో రక్తం లేదు.

"స్కాను అక్కర్లేదన్నారమ్మా" అన్నాడు మా ఆయన. అంతవరకే చెప్పి నీళ్ళు నమిలాడు. అత్తయ్య కళ్ళు మూసుకుని ఊపిరి వదిలింది. "నా కూర పనిచేసింది" అంది. రోడ్డు మీద ఎవరినైనా కడిగేసే నేను, ఆ మాటకి నోరు మెదపలేకపోయాను.

మర్నాడు డ్రైవింగ్ స్కూలు కారులోనే మా ముగ్గురి సమావేశం జరిగింది. ఇంట్లో మాట్లాడితే వినబడుతుంది కదా. మామయ్య సంగతంతా విని, తన కళ్ళజోడు పెట్టె కిటికీలోంచి బయటికి విసరబోయి, మళ్ళీ ఆలోచించి జేబులో పెట్టుకున్నారు.

"ఎవరు చెప్తారు?" అన్నాను.

"నేను చెప్పను. ఇన్నేళ్ళూ బాగుందని లొట్టలేసి ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని చెప్పను?" అన్నారు మామయ్య.

"నాకు అమ్మ. నేనెలా చెప్తాను?" అన్నాడు మా ఆయన.

"నేను కోడల్ని. నీ వంట వల్ల నాకు పిల్లలు పుట్టడం లేదని కోడలు అత్తగారితో ఎలా అంటుంది? మగాళ్ళై ఉండి ఇద్దరూ వెనక సీట్లో దాక్కుంటారేం?" అని ఇద్దర్నీ దులిపేశాను. దులిపించుకున్నారు గానీ కదల్లేదు. చెప్పకుండానే మాత్ర మానేద్దామని తీర్మానించి విడిపోయాం.

ఆ తీర్మానం ఎంతసేపు నిలబడింది? మామయ్యకి ఎక్కిళ్ళు, మా ఆయనకి కడుపుబ్బరం, నాకు గొంతుదాకా మంట. కంచంలో సగం వదిలేసి లేచిపోయేదాన్ని. అత్తయ్య వదిలేసిన కంచం వైపు చూసి, కొంగుతో చేతులు తుడుచుకుని లోపలికి వెళ్ళేది. మర్నాడు కూర ఇంకా ఎర్రగా వచ్చేది. ఒకరోజు మంట తట్టుకోలేక పెట్టె తెరిచి, మాత్ర అరచేతిలో పెట్టుకున్నాను. మింగితే హాయి. మింగితే మళ్ళీ మొదటికి. దాన్ని సింకులో పడేసి నీళ్ళు వదిలాను. ఇంక చెప్పక తప్పదనుకున్నాను.

అవకాశం తొందరగానే వచ్చింది. నా దగ్గర నేర్చుకునే వకీలుగారు కోర్టులో వాయిదా ఉందని క్లాసు ఎగ్గొట్టారు. మధ్యాహ్నం వేళకి ఇంటికొచ్చాను. మామయ్య వరండాలో పేపరు మొహాన కప్పుకుని కునుకు తీస్తున్నారు. గుండె దిటవు చేసుకుని వంటింట్లోకి వెళ్ళాను.

అత్తయ్య స్టవ్ పక్కన నిలబడి తింటోంది. నన్ను చూడగానే గిన్నె వెనక్కి దాచేసింది.

"ఏమిటత్తయ్యా అది?"

"ఏం లేదు. అడుగూ బొడుగూ."

"చూపించండి."

"ఎందుకే, ఎంగిలి" అంది. వదుల్తానా? కారులో హ్యాండ్‌బ్రేకు లాగినట్టు గిన్నె లాక్కున్నాను. అందులో మేం పొద్దున తిన్న కూరే. కానీ రంగు వేరు. లేత పసుపు. ఉడికిన కూరముక్కలు, ఉప్పు, అంతే. వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నాను. ఆ ఇంట్లో కూరగాయల రుచి నాకు తెలిసింది ఆ రోజే.

"కారం వేసేముందు నాకు కొంచెం తీసి పక్కన పెట్టుకుంటాను తల్లీ" అంది తప్పు చేసినదానిలా. "మీరు తినే కూర నా కడుపుకి పడదు. మంట పుడుతుంది."

 మేం ముగ్గురం ఒకేసారి తింటాం. ఆవిడ ఎప్పుడూ మా తర్వాత, వంటింట్లో, ఒంటరిగా. ఒక్కరోజు కూడా ఎవరమూ ఆ గిన్నెలోకి తొంగి చూడలేదు.

"మరి మాకెందుకు అంత కారం?"

"మీ మామయ్యకి కారం లేనిదే ముద్ద దిగదు కదా. పెళ్ళైన కొత్తలో మామూలుగానే వండాను. మొదటి ముద్దకే, ఇంకొంచెం కారం పడాలన్నారు. వేశాను. ఇప్పటికీ చాలదంటారు. ఇంట్లోకంటే క్యాంటీన్‌లో నేను వండిందే తక్కువ కారం, తెలుసా?"

నేను నేల మీద కూలబడి నవ్వాను. నవ్వి నవ్వి, ఎప్పుడు ఏడుపులోకి దిగానో తెలియలేదు. అత్తయ్య కంగారుపడి పక్కన కూర్చుంది. అప్పుడు మొత్తం చెప్పేశాను. కళ్ళజోడు పెట్టెలు, మాత్రలు, డాక్టరమ్మ తల పట్టుకోవడం, ఆగిపోయిన అండం, అన్నీ.

ఆవిడ కొంగుతో నా మొహం తుడిచింది. తర్వాత, "అయితే నా వంట వల్లేనా తల్లీ?" అంది.

"కాదత్తయ్యా. మాత్ర వల్ల."

"మాత్ర నా వంట వల్లే కదా."

 ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. 

కాసేపటికి చెయ్యి విడిపించుకుని లేచింది. గరిటె పట్టుకునే వరండాలోకి నడిచింది. వెనకే నేనూ వెళ్ళాను. మామయ్య మొహం మీది పేపరు గరిటెతో తొలగించింది.

"ఏమండీ, మీకు నిజంగా కారం ఇష్టమేనా?"

మామయ్య గరిటెని చూశారు, నన్ను చూశారు, సంగతి అర్థమైంది. "మొదటి రోజు మా అన్నయ్య పక్కనే కూర్చున్నాడే" అన్నారు నెమ్మదిగా. "వాడు నాకంటే ఎక్కువ కారం తింటానని గొప్పలు పోయేవాడు. కొత్త పెళ్ళాం ముందు పరువు పోతుందని అలా అన్నాను. అన్నాక నువ్వు అంత శ్రద్ధగా వేస్తుంటే, వద్దనడానికి మనసు రాలేదు. నీకోసమే తిన్నానే."

"నేను మీకోసమే వేశానండీ" అంది అత్తయ్య. అని, గరిటె ఆయన ఒళ్ళో పడేసి లోపలికి వెళ్ళిపోయింది. ఆ వారమంతా ఆయనతో ఒక్క ముక్క మాట్లాడలేదు. కానీ కారం కూర వండే పెద్ద గిన్నె అటకెక్కింది. అందరికీ లేత పసుపు కూరే. మామయ్య మొదటి పూట రెండుసార్లు వడ్డించుకుని, కళ్ళనీళ్ళు పెట్టుకుని తిన్నారు. ఈసారి కారం వల్ల కాదు. అత్తయ్య కూడా మాతోపాటే కూర్చుంది, అదీ నేను చెయ్యి పట్టి లాగితే.

డాక్టరమ్మ మళ్ళీ రక్తం తీయించింది. ప్రొలాక్టిన్ దిగొచ్చింది. "ఇంక ఎదురు చూడండి" అంది. ఎదురుచూడడం కంటే కష్టమైన వైద్యం లేదు. అత్తయ్య రోజూ నా మొహం వైపు చూసేది. అడగాలని నోటిదాకా వచ్చేది, మింగేసేది. నా మీద కోపం కాదు, తన మీద అనుమానం. ఆ అనుమానం తీరకపోతే ఆవిడ ఇంక జన్మలో పొయ్యి వెలిగించదేమోనని నాకు భయమేసేది.

ఒక ఉదయం వకీలుగారి చేత ఎత్తు మీదికి కారు ఎక్కిస్తున్నాను. ఆయన క్లచ్ వదలడానికి కూడా వాయిదా అడిగే రకం. కారు వెనక్కి జారింది. నేను బ్రేకు తొక్కాను. తొక్కగానే పొత్తికడుపులో సన్నగా మెలిపెట్టినట్టైంది. నడుము లాగింది. ఎన్ని నెలలైందో ఆ నొప్పి తెలిసి! పక్కనే పెట్రోలు బంకుంటే ఆపించి, లోపలికి పరుగెత్తి వెళ్ళి చూసుకున్నాను. బయటికి నవ్వుతూ వచ్చేసరికి వకీలుగారు బిక్కచచ్చిపోయి ఉన్నారు. నేను నవ్వడం ఆయన అంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

ముందు మా ఆయనకి చేయాల్సిన ఫోను అత్తయ్యకి చేశాను.

"అత్తయ్యా, వచ్చింది."

అటువైపు కుక్కరు కూత మాత్రం వినిపించింది.

"నొప్పిగా ఉందా తల్లీ?" అంది.

"బాగా ఉందత్తయ్యా."

"కడుపులోనా?"

"కడుపులోనే."

గొంతు బాగా తగ్గించి అడిగింది. "నా వంట వల్ల కాదు కదా?"

"కాదత్తయ్యా" అన్నాను. "ఈ నొప్పి నాదే."

ఆవిడ ఫోను పెట్టేయలేదు. పక్కన పెట్టి ఏడ్చింది. ముక్కు చీదడం, మళ్ళీ స్టవ్ తిప్పడం కూడా వినబడ్డాయి. నేను కారు బానెట్‌కి ఆనుకుని వింటూ నిలబడ్డాను. వకీలుగారు రెండుసార్లు హారను కొట్టారు. కొట్టనీ అని ఊరుకున్నాను.